ఎంఎం 540 హార్డ్‌టాప్ లీకులు: రోహిణి నుంచి ఆరుద్ర దాకా

మా జీపు మహీంద్రా ఎంఎం 540. ప్యూజో డీజిల్ ఇంజన్. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దీనికి కాన్వాస్ హుడ్డే. ఇప్పుడున్న ఫైబర్ హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు) పాత ఓనర్ బయట చేయించి బిగించుకున్నది. రెండు పక్కలా జరిపే అద్దాలు, వెనక పైకి లేచే అద్దం డోరు, నెత్తిన క్యారియర్. బండి నిలబడితే చూడముచ్చటగా ఉంటుంది. వాన పడితే మాత్రం డ్రైవర్ కాళ్ల దగ్గర నీళ్లు, వెనక సీటు కింద నీళ్లు, ముందు అద్దం పైనుంచి మోకాళ్ల మీద చుక్కలు.

పని మొదలుపెట్టే ముందే ఒకటి గట్టిగా అనుకున్నాను. టాప్ ఊడదీసేలాగే ఉండాలి. చలికాలంలో దేవరకొండ మీదుగా డిండి దాకా, అక్కణ్ణుంచి నల్లమల దాకా టాప్ లేకుండా పోవడానికే ఈ బండి ఉంచుకున్నాను. చుట్టూ సీలెంట్ పోసి అతికించేస్తే లీకు ఆగుతుందేమో గానీ, ఇది నాకు కావాల్సిన జీపు కాకుండా పోతుంది. కాబట్టి టాప్, బాడీ కలిసే ప్రతి జాయింట్‌లో నీళ్లను ఆపాల్సింది రబ్బరు మీద పడే ఒత్తిడే, జిగురు కాదు. కింద రాసిందంతా ఈ లెక్క మీద నడిచిన పని.

రోహిణి కార్తె: ఎక్కడ కారుతోంది

కారే చోటు వేరు, నీళ్లు లోపలికి దూరే చోటు వేరు. ఫైబర్ లోపలి అంచు పట్టుకుని నీళ్లు మూరెడు దూరం పోయి, ఎక్కడ పల్లం దొరికితే అక్కడ చుక్కగా రాలుతాయి. పాత ఓనర్ చుక్క పడ్డ చోటల్లా సిలికాన్ రాశాడు, దాని మీద మళ్లీ రాశాడు. ఒక్క లీకూ ఆగలేదు.

నల్గొండ బోరు నీళ్లు ఇక్కడ పనికొచ్చాయి. మన నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో బకెట్లు, గీజర్లు చూసినవాళ్లకు తెలుసు. ఆరితే తెల్లటి చార పడుతుంది. వెనక సీటు తీసేసి టార్చి పెట్టి చూస్తే, ఎన్నాళ్లుగానో కడిగిన నీళ్లు పోయిన దారి అంతా తెల్ల గీతలై కనిపించింది. ఎడమ వెనక మూల బోల్టు దగ్గర మొదలై, పట్టీ వెంబడి ముందుకొచ్చి, చక్రం పైన వంపు దగ్గర కిందికి దిగింది. చుక్క పడేది అక్కడే కాబట్టి ఇన్నాళ్లూ అందరూ అక్కడే రాస్తూ వచ్చారు.

తర్వాత పైపు పరీక్ష. లోపలి అంచుల మీద ముగ్గు పిండి పలచగా చల్లాను. తడి తగిలితే వెంటనే నల్లబడుతుంది. పైపుకు నాజిల్ పెట్టొద్దు, ఫోర్సు వద్దు, ఊరికే పారే నీళ్లు చాలు. కింది జాయింట్ దగ్గర మొదలుపెట్టి, అది పొడిగా ఉందని తేలాకే పైకి వెళ్లాలి. ముందే నెత్తిన పోస్తే నీళ్లు అన్ని జాయింట్ల మీదుగా దిగి, ఏది ఏదో తెలియదు. తమ్ముడు లోపల కూర్చున్నాడు.

“అన్నా, ఈడ పొడిగనే ఉన్నది.”

పైపు ముందు అద్దం ఫ్రేము అడుగుకు జరిపాను.

“ఆపు అన్నా, ఆపు! డ్యాష్‌బోర్డు ఎన్కకెళ్లి వస్తున్నయ్.”

అంటే డ్రైవర్ కాళ్ల దగ్గరి నీళ్లకు, హార్డ్‌టాప్‌కు సంబంధమే లేదు. ముందు అద్దం ఫ్రేము బానెట్ వెనక భాగం మీద కూర్చునే చోట ఒక రబ్బరు ఉంటుంది. అది ఎండకు కర్రలా బిగుసుకుపోయి చీలింది. ఈ ఫ్రేము ముందుకు మడిచే రకం. అడుగున హింజ్ బోల్టులు వదులైతే ఫ్రేము కొంచెం ముందుకు వాలుతుంది. అడుగున వాలితే పైన టాప్‌కు, ఫ్రేముకు మధ్య సందు విచ్చుకుంటుంది. మోకాళ్ల మీద చుక్కలకు కారణం అదే. హింజ్ బోల్టులు బిగించి, అడుగు రబ్బరు కొత్తది వేసేసరికి పై సందు సగానికి తగ్గింది. పాత జీపు ఉన్నవాళ్లు టాప్ జోలికి పోయే ముందు ఫ్రేమును పట్టుకుని ఊపి చూడండి. కదిలితే ముందు దాని సంగతి చూడాలి.

పరీక్షలో తేలిన మిగతా చోట్లు: ఎడమ వెనక బోల్టు దగ్గర ఫైబర్ చీలిక, బాడీ అంచు మీది స్పంజి, పక్క అద్దాల కింది చానల్, క్యారియర్ బోల్టు రంధ్రాలు.

టాప్ దించడం

బోల్టులు విప్పి, నలుగురం నాలుగు మూలలా పట్టి పైకి లేపి, బండిని మెల్లగా ముందుకు నెట్టించాం. టాప్‌ను నేల మీద నేరుగా పెట్టకూడదు, అంచులు మెలిపడతాయి. పాత టైర్ల మీద సమంగా కూర్చోబెట్టాం.

కిందున్న స్పంజి చూశాక అసలు విషయం అర్థమైంది. అది సోఫాల్లో వాడే రకం ఫోమ్. చేత్తో పిండితే నీళ్లు కారాయి, అదీ ఎర్రటి ఎండాకాలంలో, బండి కడిగిన రెండో రోజు. ఇలాంటి ఫోమ్‌లో గాలి గదులన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. దీపం వత్తి నూనె లాగినట్టు నీళ్లు లాగి, ఇనుప అంచు మీదే పట్టి ఉంచుతుంది. దాని కింద బాడీ అంచు పొలుసులు పొలుసులుగా తుప్పు లేచింది. కావాల్సింది క్లోజ్డ్ సెల్, అంటే గాలి గదులు విడివిడిగా మూసుకుని ఉండే, ఈపీడీఎమ్ స్పంజి రబ్బరు. దుకాణంలో తేడా కనుక్కోవడం తేలిక: చిన్న ముక్క కోసి నీళ్లలో ముంచి పిండండి. నీళ్లు పీలిస్తే అది వద్దు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో రబ్బరు దుకాణాల్లో మీటర్ల లెక్కన దొరికింది, 10 మి.మీ. మందం, 25 మి.మీ. వెడల్పు.

తుప్పును కప్ బ్రష్‌తో మెరిసేదాకా గీకి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, పైన రంగు వేశాను. సిలికాన్ తీయడం మాత్రం విసుగు పుట్టించే పని. బ్లేడుతో ఎంత గీకినా కంటికి కనిపించని పొర మిగులుతుంది. దాని మీద రంగూ పట్టదు, ఫైబర్ పనికి వాడే రెసినూ పట్టదు. థిన్నర్‌తో తుడిస్తే పోదు, పక్కలకు పాకుతుంది. ముందు బ్లేడు, తర్వాత ఎమరీ, అది కూడా గుడ్డలు మార్చుకుంటూ. ఇంకొకటి, వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు యాసిడ్ వదులుతుంది. రంగు లేని ఇనుము మీద అది పెడితే దాని కిందే తుప్పు మొదలవుతుంది. మా బండిలో తుప్పు బాగా ముదిరింది సరిగ్గా ఆ చారల కిందే.

సందు కొలవడం

ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇది. రబ్బరు ఎంత మందం ఉండాలో అంచనాతో కొంటే లాభం లేదు. పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టి తెచ్చి, గోలీలంత ఉండలు చేసి, బాడీ అంచు మీద జానెడుకొకటి పెట్టాను. మట్టి అతుక్కోకుండా పైన ప్లాస్టిక్ కవరు పరిచాను. ప్రతి బోల్టుకు 6 మి.మీ. ఎత్తున్న స్టీలు బుష్ (చిన్న గొట్టం ముక్క) తొడిగి, టాప్ దించి, బోల్టులు బిగించి, మళ్లీ లేపాను. నొక్కుకుపోయిన ప్రతి ఉండను వెర్నియర్‌తో కొలిచి, పక్కనే బాడీ మీద మార్కర్‌తో రాసుకున్నాను.

కుడి వైపు అంతా 6 నుంచి 7 మి.మీ. వెనక పర్వాలేదు. ఎడమ వెనక మూలకు వచ్చేసరికి 8, 9, చివరికి 11. ఎప్పుడో వెనక నుంచి దెబ్బ తగిలి బాడీ అంచు లోపలికి కుంగినట్టుంది. అక్కడ 10 మి.మీ. రబ్బరు పెడితే అసలు తగలనే తగలదు. పాత ఓనర్ ఆ సందు మూయాలని బోల్టును బలవంతంగా బిగించి ఉంటాడు, ఫైబర్ అక్కడే చీలింది.

ఆ స్టీలు బుష్ చిన్న వస్తువే గానీ దాని పని పెద్దది. బోల్టు ఎంత బిగించినా టాప్ 6 మి.మీ. దగ్గర ఆగుతుంది. 10 మి.మీ. స్పంజి 6కి నొక్కుకుంటే 40 శాతం. దానికి అది చాలు. ఇంకా నొక్కితే కొన్నాళ్లకు రబ్బరు చదునై తిరిగి లేవదు.

ఫైబర్ పని

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. రెసిన్ పనికి అదే పెద్ద చిక్కు. ఊళ్లో ఫైబర్ డోములు చేసే మేస్త్రీ ముందే చెప్పాడు: “గీ ఎండల కలిపితే డబ్బలనే గడ్డ కడ్తది సార్. పొద్దుగాల ఆరింటికి మొదలువెట్టి ఎండెక్కే లోపు ముగించాలె.” అలాగే చేశాం.

చీలికను పైనుంచి పుట్టీ పెట్టి కప్పితే నిలవదు. లోపలి వైపు నుంచి గ్రైండర్‌తో వాలుగా అరగదీయాలి. పెంకు మందం 4 మి.మీ. ఉంటే చీలికకు రెండు పక్కలా 40 మి.మీ. దాకా వాలు పోవాలి. అప్పుడే కొత్త పొరలకు పట్టు దొరుకుతుంది. చదరపు మీటరుకు 450 గ్రాములుండే గాజు నార మ్యాట్‌ను చిన్న ముక్క నుంచి పెద్ద ముక్క దాకా కోసి పెట్టుకుని, బ్రష్‌తో పొడుస్తూ గాలి బుడగలు లేకుండా అద్దాం. మ్యాట్ తెలుపు పోయి కింద ఉన్నది కనిపించేదాకా తడవాలి.

పాలిస్టర్ రెసిన్‌తో పాటు దుకాణంలో రెండు చిన్న సీసాలిస్తారు. ఒకటి కోబాల్ట్ (గట్టిపడడాన్ని వేగం చేసేది), ఒకటి హార్డనర్. ఈ రెండింటినీ ఎప్పుడూ ఒకదానిలో ఒకటి నేరుగా కలపొద్దు. మంట లేచి పేలే ప్రమాదం ఉంది. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో పూర్తిగా కలిపాకే హార్డనర్ పోయాలి. ఆ ఎండకు 100 గ్రాముల రెసిన్‌కు 1 గ్రాము హార్డనరే వేశాం. హార్డనర్ కంట్లో పడితే చూపు పోవచ్చు, రక్షణ కళ్లద్దాలు లేకుండా మూత తీయొద్దు. గ్రైండింగ్ దుమ్ముకు మాస్కు, నిండు చేతుల చొక్కా.

చీలిక అయ్యాక అదే మ్యాట్‌తో ఎడమ మూల అంచును కింది నుంచి పెంచాం. ఒక్కో పొర దాదాపు 1 మి.మీ. మార్కర్ అంకెలు చూసుకుంటూ, 11 ఉన్న చోట నాలుగు పొరలు, 9 ఉన్న చోట రెండు, వాటి మధ్య వాలు కలిసేలా. గట్టిపడ్డాక చెక్కకు ఎమరీ చుట్టి రుద్ది, మళ్లీ మట్టి ఉండలు పెట్టి చూశాను. చుట్టూ 6కీ 7కీ మధ్యకు వచ్చింది. ఆ అంకెలు చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

మృగశిర: రబ్బరు, అద్దాలు, క్యారియర్

రబ్బరును టాప్ అంచుకు అతికించాం, బాడీకి కాదు. టాప్ తీసినప్పుడు బాడీ అంచు నున్నగా ఉంటుంది, రబ్బరు కాళ్లకు తగిలి చినగదు. రెండు వైపులా కాంటాక్ట్ గమ్ పూసి, వేలికి అంటనంత ఆరాక నొక్కాలి. అతికించేటప్పుడు రబ్బరును సాగదీయొద్దు. సాగిన రబ్బరు నెల తిరక్కుండా వెనక్కి ముడుచుకుని అతుకు దగ్గర సందు వదులుతుంది. మూలల్లో కోయకుండా వంచి తిప్పి, అతుకు పక్క పట్టీ మధ్యలో వచ్చేలా చూసుకుని, చివరలను ఏటవాలుగా కోసి ఫెవీక్విక్‌తో కలిపాను.

టాప్ బిగించేటప్పుడు న్యూస్‌పేపర్ పట్టీలు మధ్యలో పెట్టి, ఒక్కోటి లాగి చూశాం. చుట్టూ ఒకే బిగువుతో రావాలి. ముందు అద్దం పైన ఒక పట్టీ ఊరికే జారి వచ్చింది, అక్కడ టాప్ లోపలి నుంచి పట్టే క్లిప్పును ఒక మర బిగించాను.

పక్క అద్దాల చానల్‌లోకి నీళ్లు రావడం తప్పు కాదు, బయటికి పోకపోవడమే తప్పు. అడుగున బయటి వైపు రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ము, అరిగిన ఫెల్టు కలిసి సిమెంటులా పూడుకుపోయాయి. సైకిల్ పుల్లతో పొడిచి, నీళ్లు పోసి చూస్తే బయటికి పారాయి. ఈ ఒక్క పనికి డబ్బు ఖర్చు లేదు, ఏటా వానలకు ముందు చేయాలి.

క్యారియర్ బోల్టులకు పైన పెద్ద వాషరు, దాని కింద బ్యూటైల్ టేపు (జిగట రబ్బరు పట్టీ). ఇది ఏళ్ల తరబడి గట్టిపడదు, మెత్తగా సాగుతుంది. విప్పాలనుకుంటే విప్పొచ్చు. లోపలి వైపు కూడా పెద్ద వాషర్లు వేశాను, బరువు ఒక్క చోట పడకుండా.

ఆరుద్ర

రాత్రి గట్టి వాన పడింది, గాలితో కలిసి. పొద్దున్నే ముగ్గు పిండి చూశాను. ఎడమ మూల తెల్లగా ఉంది. పక్క పట్టీలు తెల్లగా ఉన్నాయి. ముందు అద్దం పైన పొడి. డ్రైవర్ వైపు కార్పెట్ చేత్తో తడిమి చూశాను, పొడి.

వెనక డోరు కుడి పై మూలలో మాత్రం పిండి రూపాయి బిళ్లంత మేర నల్లబడింది. హింజ్ స్క్రూల నుంచా, డోరు బీడింగ్ (అంచు రబ్బరు) నుంచా ఇంకా తేల్చాలి. స్క్రూల మీద టేపు వేసి ఒకసారి, తీసి ఒకసారి నీళ్లు పోసి చూస్తాను. బీడింగే అయితే లోపల గొట్టంలా బోలుగా ఉండే రకం కావాలి, ఇప్పుడున్నది నొక్కితే లేవడం లేదు. పాత బీడింగ్ ముక్క ఒకటి కోసి బండిలో పెట్టుకున్నాను, రాణిగంజ్ వెళ్లినప్పుడు దాన్ని చూపించి తెస్తాను. బోల్టులు నెలకు మళ్లీ బిగించి చూడాలి.