గూటం దిగని నేల

మన బడి పాత విద్యార్థుల సంచిక కమిటీ వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. "నువ్వు రాయకపోతే వెయ్యి గుర్రాల సంగతి మేమే రాస్తాం" అన్నాక ఇక తప్పలేదు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు నాకు మసక మసకే. తొమ్మిదిలో స్కౌట్ క్యాంపు మాత్రం మొన్ననే జరిగినట్టుంది. ఖిలా వరంగల్‌లో, మట్టికోటకూ రాతికోటకూ నడుమ చెలకలో రెండు రాత్రులు. కరెంటు లేదు, నల్లా లేదు. టార్పాలిన్లు, మూడు గంజులు, సారు లాంతరు, అంతే. బావిలో నీళ్లు చేదుకోవాలి, పొయ్యి తవ్వుకోవాలి. చెంబు పట్టుకుని ఎటు పోవాలో కూడా సోషల్ సారే చూపించారు.

గాలి తగలదని మట్టికోట కట్ట అడుగున గుడారం వేయబోయాం. (ఇప్పుడైతే అక్కడ గుడారం వేయనివ్వరు.) గూటం దిగదు. ఇనుప గూటం కూడా వంగిపోయింది. బొండంగాడు సుత్తె కింద పడేసి, "దిగుతలేదు సార్" అన్నాడు.

"మాలిక్ కాఫర్‌కే దిగలేదు, నీకు దిగుతదారా?"

ఇక ఎండలోనే గంటసేపు పాఠం. 1310లో మాలిక్ కాఫర్ నడిపిన ఢిల్లీ సైన్యం ఈ కోటను చుట్టుముట్టింది. ఈ మట్టిగోడలో ఉక్కు ఈటె గుచ్చుకోదనీ, గుండు వేసి కొడితే పిల్లలాడుకునే కాయలా వెనక్కి ఎగిరి పడుతుందనీ అప్పటి ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడట. ఆ సైన్యం చెట్లు నరికి గుడారాల చుట్టూ కట్టెల దడి కట్టుకుందని చెప్పి, మనల్ని తుమ్మకంపకు తోలారు. నా అరచేతిలో ఆ ముల్లు మచ్చ ఇంకా ఉంది. కోటలోంచి వెయ్యిమంది రౌతులు రాత్రిపూట వాళ్ల మీద పడ్డారని కూడా చెప్పారు. ఆ ఒక్క ముక్క చెప్పకుండా ఉండాల్సింది.

రాత్రి రెండింటికి "వచ్చిండ్రురో!" అని మొదట అరిచింది నేను కాదు, ఎన్నిసార్లైనా చెబుతాను. వచ్చింది నాలుగు బర్రెలే. ఆ గాభరాలో ఊడిన లుంగీ ఎవరిదో రాయను, ఆయన ఇప్పుడు కమిటీలో ఉన్నాడు. సారు లాంతరెత్తి చూసి, "అప్పట్లాగే కోట లోపల్నుంచే వచ్చినయ్ చూడుండ్రి" అన్నారు, పాఠం వదలకుండా. తెల్లారి తిన్న సగం ఉడికిన అన్నం, పచ్చిపులుసు రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు.

పది, ఇంటర్, ఇంజినీరింగ్ వదిలేస్తున్నాను. ఇరిగేషన్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా రిటైరయ్యాను. మిషన్ కాకతీయలో నా చేతి మీదుగా నలభై ఒక్క చెరువు కట్టలు బాగయ్యాయి. ల్యాబు రిపోర్టు బాగున్నా సరే, రోలర్ తిరిగిన కట్ట మీద ఒక ఇనుప గూటం కొట్టి చూసేవాణ్ని. సులువుగా దిగితే మళ్లీ తడిపి తొక్కించడమే. కాంట్రాక్టర్లు చాటున నన్ను "గూటం సారు" అనేవాళ్లట. తెలిసినా కోపం రాలేదు.

పోయిన చలికాలం మనవడితో ఖిలాకు వెళ్లాను. మన చెలకలో పత్తి ఏరుతున్నారు. కట్ట దగ్గర వంగి బొటనవేలితో నొక్కి చూస్తుంటే, "ఏం జేస్తున్నవ్ తాతా?" అన్నాడు.

బర్రెల కథ చెప్పాను. లుంగీ ఎవరిదో కూడా చెప్పాను.