పి. అప్పన్న ఒకరా, ఇద్దరా: నెలవారీ నివేదికతో నా అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక ప్రభుత్వ శాఖ జిల్లా కార్యాలయంలో ఒప్పంద పద్ధతి మీద డేటా రిపోర్టింగ్ డెవలపర్‌గా చేరినప్పుడు, నా పని ఏమిటో ఇంట్లో వివరించడానికి చాలా తంటాలు పడ్డాను. అంతా విని మా నాన్నగారు "అంటే లెక్కల గుమాస్తావన్నమాట" అని తేల్చేశారు. ఆ మాట అప్పట్లో చిన్నతనంగా అనిపించింది గాని, అంతకంటే సరైన మాట నాకు ఇప్పటికీ దొరకలేదు. బ్లాకుల నుంచి వచ్చే ఎక్సెల్ షీట్లను ఒకచోట చేర్చి, తప్పులు సరిచేసి, డేటాబేస్‌లోకి ఎక్కించి, సమీక్షా సమావేశానికి నెలవారీ ప్రగతి నివేదిక తయారుచేయడం నా బాధ్యత. నాకు అప్పగించిన మొదటి పని పింఛనుదారుల జాబితా: ఎంతమంది ఉన్నారు, ఎంతమందికి అందింది, ఎవరి పేరు రెండుసార్లు నమోదైంది.

మొదటి నెల కూడికే కుదరలేదు. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయి ఏర్పడిన గజపతి జిల్లాలో 7 బ్లాకులున్నాయి కాబట్టి నివేదికలో 7 వరుసలు పెట్టాను. పర్లాకిమిడి మునిసిపాలిటీ, కాశీనగర్ ఎన్.ఏ.సి. (చిన్న పట్టణాలకు ఉండే నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్) ఏ బ్లాకు లెక్కలోకీ రావని, వరుసలు 9 ఉండాలని కార్యాలయంలో అటెండరుకు కూడా తెలుసు, నాకే తెలియదు. ఆ తరువాత రాయగడ వంతు వచ్చింది. మా జిల్లాలో రాయగడ అనే బ్లాకు ఉంది; అదే రోజున కోరాపుట్ నుంచి విడిపోయిన రాయగడ జిల్లా వేరే ఉంది, అందులోనూ రాయగడ పేరుతో ఒక బ్లాకు ఉంది. రాష్ట్రస్థాయి పట్టికతో మా పట్టికను పేరు ఆధారంగా కలిపితే పొరుగు జిల్లా అంకెలు నిశ్శబ్దంగా మా నివేదికలోకి వచ్చి కూర్చున్నాయి. పట్టికలను కలపమని డేటాబేస్‌కు నేనిచ్చిన ఆదేశం, అంటే క్వెరీ, ఏ దోషమూ చూపలేదు. మొత్తం మాత్రం పెరిగింది. మా ఆర్. ఉదయగిరికీ, కంధమాల్ జిల్లాలోని జి. ఉదయగిరికీ మధ్య కూడా ఇదే ప్రమాదం ఉందని గ్రహించి, ఆనాటి నుంచి పేర్లతో పట్టికలు కలపడం మానేశాను. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకూ, బ్లాకుకూ, పంచాయతీకీ, గ్రామానికీ విడి సంకేత సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య లేని షీటును ఇప్పుడు నేను డేటాబేస్‌లోకి ఎక్కించను.

ఊళ్ళకు సంకేతాలు పెట్టినంత సులభంగా మనుషులకు పెట్టడం కుదరలేదు. ఆధార్ సంఖ్య ఉండగా ఈ అవస్థ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. చాలా వరుసల్లో ఆ గడి ఖాళీగా ఉంది. ఉన్నచోట కూడా 12 అంకెల ఆ సంఖ్యను ఎక్సెల్ మామూలు అంకెగా భావించి ఘాతాంక రూపంలో కుదించి చూపింది, దాన్ని ఎవరో అలాగే సీఎస్‌వీగా (కనిపించే అక్షరాలను మాత్రమే దాచే సాదా ఫైలుగా) భద్రపరచడంతో చివరి అంకెలు శాశ్వతంగా పోయాయి. పుట్టినతేదీ మీద ఆధారపడదామంటే, వయసు తప్ప తేదీ తెలియని వృద్ధులకు అందరికీ జనవరి 1 అనే రాసి ఉంది. కాబట్టి పేరు, భర్త లేదా తండ్రి పేరు, ఊరు, ఈ మూడింటినీ పోల్చడం తప్ప వేరే దారి కనిపించలేదు.

ఇక్కడి తెలుగు పేర్లను పోల్చడం మరో చిక్కు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడియా వారికి చివర వస్తుంది; అందువల్ల పొట్నూరు లక్ష్మి ఒక జాబితాలో అలాగే ఉంటే, ఇంకో జాబితాలో లక్ష్మి పొట్నూరు అవుతుంది, మూడో దానిలో పి. లక్ష్మిగా కుదించుకుపోతుంది. అప్పన్నను ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని విధాలుగా రాయవచ్చో మా షీట్లు చూస్తే తెలుస్తుంది. ఒక మాటను మరో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలో, తీయాలో, మార్చాలో లెక్కగట్టే లెవెన్‌స్టైన్ దూరం అనే కొలతను వాడి, దగ్గరి పేర్లను జతపరిచే ప్రోగ్రాం రాశాను. అంతకుముందే, ఇంటిపేరు గందరగోళం తప్పించడానికి, చుక్కతో ఉన్న ఏకాక్షరాలన్నిటినీ పేర్ల నుంచి తొలగించాను. అది నా తెలివితేటలకు నిదర్శనమని ఆ సాయంత్రం అనుకున్నాను కూడా.

ఫలితంగా వచ్చిన 'రెండుసార్లు నమోదైనవారి' సంఖ్యను నివేదికలో పెట్టి మా బడబాబు (ఇక్కడ హెడ్ గుమాస్తాను అలా అంటారు) ముందుంచాను. ఆయన కాశీనగర్ వైపు తెలుగువారే, పదవీ విరమణకు దగ్గరలో ఉన్నారు. సంఖ్యను ఆయన చూడనైనా చూడలేదు. "పేర్లు తియ్యండి బాబూ, పేర్లు చూడందే సంతకం ఎలా పెట్టమంటారు?" అన్నారు. అచ్చుతీసిన జాబితాను వేలితో చదువుకుంటూ పోయి తమ బ్లాకులోని ఒక ఊరి దగ్గర ఆగి, లక్ష్మి, భర్త అప్పన్న, ఒకే ఇల్లు, ఒకే పుట్టినతేదీ అని నా ప్రోగ్రాం గట్టిగా జతకట్టిన రెండు వరుసలను చూపించి, మూల షీటులో భర్త పేరు ఎలా ఉందో చూడమన్నారు. ఒక వరుసలో పి. అప్పన్న, మరో వరుసలో సి. అప్పన్న అని ఉంది.

ఆ మరుసటి వారం పంచాయతీ కార్యనిర్వాహక అధికారితో కలిసి ఆ ఊరికి వెళ్ళాను. సింహాచలం అప్పన్న పేరు అన్నదమ్ములిద్దరికీ పెట్టి పెద, చిన అని విడదీసుకోవడం మన వైపు ఇళ్ళలో కొత్త కాదు. మా ఇంట్లోనే ఉంది. పెద అప్పన్న భార్య లక్ష్మి, చిన అప్పన్న భార్య కూడా లక్ష్మే. తోటికోడళ్ళిద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ఉన్నారు. పెద్దావిడ నా కాగితం వైపు చూసి, "మా అత్త ఉన్నప్పుడు పెద్దలచ్చిమి, చిన్నలచ్చిమి అని పిలిచేది నాయనా. రాసినోల్లు ఆ ముక్క రాయలేదేటి?" అని అడిగారు. రాసినవారు పొట్టి అక్షరంగానైనా రాశారని, దాన్ని చెరిపింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. సరిచేస్తాను మామ్మా అన్నాను. అక్కడి పి. అనేది పొట్నూరుకు కాదు, పెదకు గుర్తు. నివేదిక అలాగే వెళ్ళి ఉంటే, వారిద్దరిలో ఒకరి పింఛను ఆగేది.

తిరిగివచ్చాక ప్రోగ్రాంను తిరగరాశాను. మూల షీటులోని పేరును ఇప్పుడు ముట్టుకోను. సవరించిన రూపం పక్కన వేరే గడిలో ఉంటుంది, ఏ నియమం వల్ల సవరించామో దాని పక్కన ఉంటుంది. పోలిక ఎంత బలంగా ఉన్నా ఏ వరుసనూ ప్రోగ్రాం తొలగించదు. 'విచారణలో' అని గుర్తు పెట్టి పంచాయతీకి పంపుతుంది. తిరిగివచ్చిన జవాబును ఎవరు, ఏ తేదీన ఇచ్చారో నమోదు చేస్తాము. దీనివల్ల నివేదిక ఆలస్యమవుతుందని పైనుంచి అసంతృప్తి వచ్చింది. సమీక్షలో ఒక అధికారి, ఈ 'విచారణలో' అనే గడి ఎప్పటికి సున్నా అవుతుందని అడిగారు. నేను జవాబు వెతుక్కుంటుండగా బడబాబు లేచి, ఎన్ని పంచాయతీల నుంచి జవాబులు వచ్చాయో, ఎన్నింటి నుంచి రావాలో చదివి కూర్చున్నారు.

ఆ తరువాతి నెల కాశీనగర్ షీటులో భర్త పేరు గడిలో పెద అప్పన్న, చిన అప్పన్న అని పూర్తిగా రాసి వచ్చింది. అదే షీటులో, ఇంకో ఊరి దగ్గర, నడిపి అప్పన్న కూడా ఒకరున్నారు.