ఉల్లిపొర, ఉప్పు, యూరియా: ఈ వేసవి మైక్రోస్కోపు పని ఎంతవరకు వచ్చిందంటే

ఈ వేసవికి ఒకటే పని పెట్టుకున్నాను. కణం లోపలి పదార్థాన్ని చుట్టి ఉండే పల్చని పొర, కణత్వచం, దేన్ని లోపలికి రానిస్తుంది, దేన్ని ఆపుతుంది అనేది ఉల్లిపొర మీద కళ్లారా చూడాలి. కర్నూలులో ఉంటూ ఉల్లిగడ్డ కోసం వెతుక్కునే పని లేదు కదా. మైక్రోస్కోపు ఇంటర్ ల్యాబుల్లో ఉండే మామూలు రకమే, ఐపీస్‌కి ఫోన్ క్లాంపు బిగించాను. 100 రెట్లు పెద్దగా కనిపిస్తే ఈ పనికి సరిపోతుంది.

అందరూ రేకు లోపలి వైపు పొర తీస్తారు, సులువుగా ఊడి వస్తుంది కాబట్టి. కానీ దానికి రంగుండదు. నాకు కావలసింది బయటి వైపు, అంటే ఉబ్బుగా ఉండే వైపు ఉన్న గులాబీ రంగు పొర. రేకును లోపలి వైపు నుంచి బ్లేడుతో సగం లోతు గాటు పెట్టి వెనక్కి విరిస్తే బయటి పొర అంచు దొరుకుతుంది, పట్టకారుతో మెల్లగా లాగాలి. గోరంత ముక్క చాలు. ఆ గులాబీ రంగు కణం మధ్యలో ఉండే రిక్తిక (నీటి సంచి) లోని నీళ్లలో కరిగి ఉంటుంది. లోపలి నీళ్లు తగ్గితే రంగు చిక్కబడి దగ్గరకు ముడుచుకుంటుంది, నీళ్లు తిరిగొస్తే పరుచుకుంటుంది. ఇంతకన్నా మంచి మీటరు డబ్బు పెట్టినా దొరకదు.

ముందు ఉప్పు. 3 గ్రాములు తూచి, నీళ్లు కలిపి 100 మిల్లీలీటర్లు చేశాను. కవర్ స్లిప్పుకి ఒక పక్క చుక్క వేసి, రెండో పక్క టిష్యూ పేపర్ ఆనిస్తే ఉప్పునీళ్లు పొర కిందికి లాక్కుపోతాయి. స్లైడు కదలదు కాబట్టి అదే కణాన్ని ముందూ తర్వాతా చూడొచ్చు. కొద్ది నిమిషాలకే గులాబీ రంగు కణం మూలల నుంచి విడిపోయి, గుండ్రటి అంచుతో లోపలికి జరిగింది. గోడకూ రంగుకూ మధ్య ఖాళీ కనిపిస్తుంది చూడండి, అందులో ఉన్నది గాలి కాదు, మనం పోసిన ఉప్పునీళ్లే. కణం చుట్టూ ఉండే ఆ గోడ (కణకవచం) ఉప్పును ఆపలేదు, ఆపింది లోపలి త్వచం. అయితే ఆ త్వచం మనకు కనిపించదు. దాని మందం 7, 8 నానోమీటర్లు, మామూలు కాంతి మైక్రోస్కోపు 200 నానోమీటర్ల కన్నా సన్నని వివరాన్ని విడదీసి చూపలేదు. మనం చూసేది రంగు అంచును మాత్రమే.

ఇది అసలు త్వచం పనేనా అని అడిగేవాళ్లకు ఒక పరీక్ష ఉంది. ఇంకో ముక్కను మరిగే నీళ్లలో ముంచి తీశాను. రంగు నీళ్లలోకి కారిపోయింది, తర్వాత ఉప్పునీళ్లు పోసినా ఏ ముడుచుకోవడమూ లేదు. గోడలు మాత్రం చెక్కుచెదరలేదు. అంటే రంగును పట్టి ఉంచిందీ, ఉప్పును ఆపిందీ వేడికి పాడైపోయిన త్వచమే, గోడ కాదు. సర్జికల్ స్పిరిట్ పోసినా రంగు కారిపోయింది.

తొమ్మిదో తరగతిలో చెప్పే పెంకు తీసిన కోడిగుడ్డు ప్రయోగం కూడా ద్రవాభిసరణ (పొర గుండా నీళ్లు పలచని వైపు నుంచి చిక్కని వైపుకు పోవడం) చూపిస్తుంది, కాదనను. కానీ అక్కడ నీళ్లు దాటే తెల్లటి పొర పెంకు కింద ఉండే ప్రోటీన్ పోగుల అల్లిక, కణత్వచం కాదు. అందుకే నాకది అంత నచ్చదు.

ఇక యూరియా. కోడుమూరు దగ్గర సేద్యం చేసే మా బావను గుప్పెడు అడిగితే, "గుప్పెడు యూరియాతో ఏం పంట తీస్తావప్పా?" అని నవ్వాడు. ఎరువు యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, కరిగించాక నీళ్ల మీద జిడ్డు తేలుతుంది. వడపోత కాగితంలో వడకట్టాలి. కరిగేటప్పుడు గ్లాసు చల్లబడుతుంది, గది వేడికి వచ్చేదాకా ఆగాలి. 100 మిల్లీలీటర్లకు 6 గ్రాములు. ఉప్పు 3, యూరియా 6 ఎందుకంటే, ఉప్పు నీళ్లలో సోడియం, క్లోరైడ్ అయాన్లుగా రెండుగా విడిపోతుంది, యూరియా విడిపోదు. ఈ లెక్కన రెండు ద్రావణాల్లో కరిగి ఉన్న రేణువుల (అయాన్లు, అణువులు) సంఖ్య దాదాపు సమానం, నీళ్లను లాగే బలమూ దాదాపు సమానం.

మొదట రెండింట్లోనూ రంగు ఒకేలా ముడుచుకుంది. తేడా తర్వాత తెలిసింది. ఉప్పులో ఉన్నది ముడుచుకునే ఉండిపోయింది. యూరియాలో ఉన్నది, నేను ఏమీ మార్చకుండానే, మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి మెల్లమెల్లగా మళ్లీ పరుచుకుంది. యూరియా చిన్న అణువు, విద్యుదావేశం లేదు, నిదానంగానైనా త్వచం దాటి లోపలికి చేరుతుంది, దాని వెంట నీళ్లూ వస్తాయి. సోడియం అయాన్‌కి ఆవేశం ఉంది, చుట్టూ నీటి అణువులను అంటిపెట్టుకుని ఉంటుంది, త్వచం మధ్యలో ఉన్న కొవ్వు పొర దాన్ని రానివ్వదు. 1890లలో ఎర్నెస్ట్ ఓవర్టన్ అనే శాస్త్రవేత్త ఇలాగే మొక్కల కణాల్లో రకరకాల పదార్థాలు పరీక్షించి, కొవ్వులో కరిగేవి త్వరగా దాటుతాయని గమనించాడు. నీళ్లు మాత్రం అంత వేగంగా ఎలా దాటుతాయన్న ప్రశ్నకు జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది. నీటికోసమే ఉన్న ప్రోటీన్ దారులను, ఆక్వాపోరిన్లను, కనుక్కున్నందుకు పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ ఇచ్చారు.

మన ఎండల్లో ఈ పని చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఫ్యాన్ కింద స్లైడు ఇట్టే ఆరిపోతుంది, ఆరేకొద్దీ ద్రావణం చిక్కబడి, యూరియాలో పరుచుకోవాల్సిన కణం కూడా ముడుచుకునే ఉంటుంది. కవర్ స్లిప్పు అంచులకు వాజలిన్ రాసి, తడి కాగితం పరిచిన టిఫిన్ డబ్బాలో మూతపెట్టి ఉంచుతున్నాను. చూసేటప్పుడే బయటికి తీయడం. ఉప్పు స్లైడు, యూరియా స్లైడు, ఉత్త నీళ్ల స్లైడు మూడూ ఒకే డబ్బాలో ఉండాలి, లేకపోతే పోలికకు అర్థం లేదు.

ఇక తర్వాతిది న్యూట్రల్ రెడ్ రంగు, చిన్న సీసా తెప్పించాను. దీనికి రంగులేని లోపలి పొరే కావాలి. కొంచెం క్షారగుణం ఉన్న నీళ్లలో ఈ రంగు ఆవేశం లేకుండా ఉండి త్వచం దాటుతుంది, ఆమ్లగుణం ఉన్న రిక్తికలో ఆవేశం తెచ్చుకుని బయటికి రాలేక అక్కడే పోగుపడుతుంది. చిటికెడు వంటసోడా వేసిన నీళ్లలో ఒక ముక్క, రెండు చుక్కలు నిమ్మరసం వేసిన నీళ్లలో ఒక ముక్క పెట్టి చూస్తాను. నిమ్మరసంలో లోపల రంగు చేరకుండా గోడలు మాత్రమే ఎర్రబడాలి. నీళ్లు ఆమ్లమా క్షారమా చెప్పే పీహెచ్ కాగితాలు ఇంకా రాలేదు, వచ్చాక మొదలుపెడతాను.