ఖర్జూరపు చెట్టుకు సున్నా మార్కులు

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదన్నా రాయమని కమిటీ వాళ్ళు మూడు నెలలుగా ఫోన్లు చేస్తున్నారు. చింతచెట్టు గురించి, బడిగంట గురించి, పీటీ సారు విజిలు గురించి మిగతావాళ్ళు ఎట్లాగూ రాస్తారు. నేను స్క్రిప్చర్ పరీక్ష గురించి రాస్తాను.

మాది 1981 పదో తరగతి బ్యాచీ. అప్పట్లో మన బడిలో వారానికి రెండు పీరియడ్లు స్క్రిప్చర్ ఉండేది. క్రైస్తవుల పిల్లలకు బైబిలు, మిగతావాళ్ళకు పక్క గదిలో మోరల్ సైన్సు. మోరల్ సైన్సు టీచరమ్మ సెలవు పెట్టిన రోజు అందరినీ ఒకే గదిలో కుక్కేవాళ్ళు. మేము ఎనిమిదికి వచ్చిన ఏడు ఆమె పురిటికి పోయి నెలలు గడిచినా రాలేదు. అట్లా నా పక్క బెంచీ నేస్తం మాతోపాటే బైబిలు విని, అర్ధసంవత్సర పరీక్ష కూడా రాసింది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. "నా పేరు ఏసినావంటే ఆ పుస్తకం పట్టుకోని మీ ఇంటికొస్తా" అని బెదిరించింది.

ప్రశ్న: "యేసు జననమును వివరింపుము." పది మార్కులు.

నేను బెత్లెహేము, సత్రంలో చోటు లేకపోవడం, పశువుల తొట్టి, గొర్రెల కాపరులు, అన్నీ వరసగా దించేసి తొమ్మిది తెచ్చుకున్నాను. ఆమె ఒకటిన్నర పేజీ రాసింది. మర్యం, అంటే మన మరియమ్మ, ఒంటరిగా దూరంగా పోయిందంట. నొప్పులు వచ్చి ఖర్జూరపు చెట్టు మాను పట్టుకుందంట. ఇంతకుముందే చచ్చిపోయి ఉంటే బాగుండేదని ఏడ్చిందంట. అప్పుడు కింది నుంచి ఒక గొంతు, బాధపడొద్దమ్మా, నీ కాళ్ళకింద ఏరు పారుతోంది, చెట్టును ఊపు, పండ్లు రాలతాయి, తిను, తాగు అనిందంట. బిడ్డనెత్తుకోని ఊళ్ళోకొస్తే జనం నానా మాటలు అన్నారంట. ఆమె ఏమీ మాట్లాడకుండా బిడ్డ వైపు చెయ్యి చూపిస్తే, ఉయ్యాల్లో బిడ్డ నోరు తెరిచి మాట్లాడినాడంట.

సారు ఆ ఒకటిన్నర పేజీకీ అడ్డంగా ఎర్రసిరాతో గీత గీసి, పక్కన "సొంత కథలు వద్దు" అని రాసి సున్నా చుట్టారు. అంతటితో ఊరుకోకుండా క్లాసులో పైకి చదివి వినిపించారు. అందరం నవ్వాము. సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశి కూతురిని కదా, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఆమె ఏడవలేదు. పేపరు మడిచి పెట్టెలో పెట్టుకుంటూ, "మా నానీ చెప్పిందే రాసినా" అని మాత్రం అనింది.

పాతికేళ్ళ తర్వాత, నేను టీచరుగా చేస్తూ ఆదివారం బడి కూడా నడుపుతున్న రోజుల్లో, సంఘం తరఫున హైదరాబాదులో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ తరగతులకు ఒక వారం పోయాను. క్రైస్తవులు ఇస్లామును చదువుకోవడానికి 1930లో లాహోరులో పెట్టిన సంస్థ అది, 1971లో హైదరాబాదుకు వచ్చింది. రెండో రోజు సూరా మర్యం చేతిలో పెట్టారు. ఖుర్ఆనులో పందొమ్మిదో అధ్యాయం. ఇరవై మూడో వాక్యం దగ్గర ఖర్జూరపు చెట్టు కనబడింది. ఆ చెట్టుతోపాటు ఎర్రసిరా గీత కూడా కళ్ళ ముందుకొచ్చింది. ఆ పూట భోజనం సరిగా పోలేదు.

ఖుర్ఆను మొత్తంలో పేరు పెట్టి చెప్పిన స్త్రీ మరియమ్మ ఒక్కతే. ఆ పేరు 34 సార్లు వస్తుంది. పురుషుడు ముట్టకుండా గర్భం దాల్చిందని మన లూకా తన సువార్తలో ఎంత గట్టిగా చెప్తాడో అదీ అంతే గట్టిగా చెప్తుంది. ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. చెట్టు వంగి మరియమ్మకు పండ్లిచ్చిన కథ పాత లాటిన్ క్రైస్తవ కథల్లోనూ ఉంది. కాకపోతే అక్కడ అది ఐగుప్తుకు పారిపోయే దారిలో జరుగుతుంది. మన బైబిల్లోకి ఎక్కలేదు గానీ మనవాళ్ళు వందల ఏళ్ళు చెప్పుకున్న కథే. మరి సారు గీసిన గీత ఎవరి కథ మీద పడినట్టు?

కడపోళ్ళకు కలిసి బతకడం ఒకరు నేర్పే పని లేదు. ఉగాదినాడు దేవుని కడప గుళ్ళో ముస్లింలు టెంకాయ కొడతారు, పెద్ద దర్గా ఉరుసుకు అన్ని మతాలవాళ్ళూ పోతారు. రంజానుకు వాళ్ళింటి సేమ్యా మా ఇంటికి, క్రిస్మస్‌కు మా అరిసెలు వాళ్ళింటికి. ఇన్నేళ్ళు సేమ్యా తిన్నామే గానీ, వాళ్ళు యేసును గురించి ఏమనుకుంటారని మా ఇంట్లో ఒక్కరమూ అడగలేదు. ఉపదేశిగా మా నాన్న కూడా అడిగినట్టు లేదు.

ప్రొద్దుటూరులో ఒక క్లాసుమేటు కూతురి పెళ్ళిలో నేనూ ఆ నేస్తమూ మళ్ళీ కలిశాము. అప్పటి నుంచి ఫోన్లు. 2025లో రంజాను నెల మార్చి 2న మొదలైతే మాకు ఈస్టరు ముందు వచ్చే శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం 5న వచ్చింది. రోజూ రాత్రి ఆమె తరావీ నమాజు అయ్యాక మాట్లాడుకునేవాళ్ళం. తెల్లారుజాము నుంచి పొద్దు గూకేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టని మనిషితో, శ్రమకాలం పేరు చెప్పి కూరలో మాంసం మానేసి దాన్నే ఉపవాసం అనుకునే నేను వాదానికి దిగడమే కొంచెం సిగ్గు. అయినా దిగాను.

మొదటి గొడవ యోహాను 3:16 దగ్గరే వచ్చింది. మన బడిలో చదివిన ఎవరినైనా నిద్రలో లేపి అడిగినా ఆ వచనం అప్పజెప్తారు. "తన అద్వితీయకుమారునిగా పుట్టినవానియందు విశ్వాసముంచు ప్రతివాడును" అని. ఆమెకూ నోటికొచ్చు, ఏడాది పొడుగునా విన్నది కదా. ఆమె అనింది: "ఆ 'పుట్టిన' అనే మాట దగ్గర నేను పెదాలు మూసేదాన్ని, నువ్వు చూసినావా?" నేను చూడలేదు. ముస్లింలకు నోటికొచ్చే చిన్న సూరా ఒకటుంది, 112వది, నాలుగే వాక్యాలు. అందులో "లం యలిద్ వలం యూలద్" అని ఉంది. ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు అని. మాకు వచనం పలకడం ఎట్లనో వాళ్ళకు ఆ సూరా అట్ల. పదమూడేళ్ళ పిల్ల నోట్లో ఆ రెండూ ఒకేసారి పట్టవు.

నా వంతు నేను చెప్పాను. మేము 'పుట్టిన' అనేది మనుషులు పుట్టినట్టు కాదే, దేవుడికి భార్య ఉందని ఏ సంఘంలోనూ చెప్పరు, ఆ మాట అంటే నన్ను సంఘం నుంచి వెలేస్తారు అన్నాను. దీపంలోంచి వెలుగు పుట్టినట్టు. వెలుగు లేని దీపం ఒకప్పుడు ఉండిందని అనలేము కదా. 325లో నీకయ పట్టణంలో సంఘ పెద్దలు కూడి తేల్చింది ఇదే, కుమారుడు సృష్టించబడినవాడు కాడు అని. దేవుడు ఒక్కడే అని యేసే అన్నాడు, మార్కు సువార్తలో: "మన దేవుడైన ప్రభువు అద్వితీయ ప్రభువు." చూడు, కుమారుడికి వేసిన 'అద్వితీయ' అన్న మాటే అక్కడా ఉంది. ఖుర్ఆనులో ఐదో సూరా చివర, నన్నూ నా తల్లినీ దేవుళ్ళుగా చేసుకోండని నువ్వు చెప్పావా అని అల్లా ఈసాను, అంటే యేసును, అడుగుతాడు. అట్లాంటి దేవుళ్ళ గుంపును మేమూ ఒప్పుకోము.

"ఒప్పుకోకపోతే మంచిదే. మరి ఒక్కడే అని చెప్పి ఊరుకోవచ్చు కదా, మళ్ళా ఆ దీపం, వెలుగు ఎందుకు?" అనింది.

ఎందుకంటే శిలువ ఉంది కాబట్టి. ఇది నాకు ఆ నెల రోజుల్లో మెల్లగా తెలిసొచ్చింది. త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కలిసి ఒక్క దేవుడే అనేది, మాకు లెక్కల చిక్కు కాదు, శిలువ మీద ఎవరున్నారనే ప్రశ్న. దానికి వచ్చేముందు పుస్తకాల సంగతి ఒకటి చెప్పాలి.

బడి రోజుల్లో వాళ్ళింటికి పోతే గోడ అలమరలో అన్నిటికంటే పై అరలో పచ్చ సిల్కు సంచిలో ఖుర్ఆను ఉండేది. వాళ్ళ నానీ వజూ చేసుకొని, అంటే ముఖం, కాళ్ళు చేతులు కడుక్కొని, రెహలు అనే పుస్తకపీట మీద పెట్టి విప్పేది. నా బైబిలు సంచిలో టిఫిను డబ్బా కింద ఉండేది. వచనాల కింద ఎర్ర పెన్సిలు గీతలు, మధ్యలో నెమలీక, వెనక అట్టమీద చుక్కల ముగ్గు. ఒకరోజు ఎండకు నేల కాలుతుంటే దాన్ని కింద పెట్టి దానిమీద కూచోబోయాను. ఆమె నా జడ పట్టి లేపింది. "దేవుని మాట మీద కూచుంటావా!" ఆ రోజు నేను భక్తి లేనిదాన్నని సిగ్గుపడ్డాను. ఇప్పుడు చూస్తే అందులో ఉన్నది భక్తి ఒక్కటే కాదు, సిద్ధాంతమూ ఉంది. వాళ్ళకు దేవుని వాక్కు పుస్తకంగా దిగింది. మాకు "ఆ వాక్యము శరీరధారియై" అని యోహాను అంటాడు. అంటే వాక్కు మనిషిగా దిగింది, పుస్తకం ఆయన గురించి నలుగురు రాసిన సాక్ష్యం. కాబట్టి ఖుర్ఆనును బైబిలుతో పోల్చి తూకం వేయడం మొదటి నుంచీ తప్పు తూకమే. వాళ్ళకు ఖుర్ఆను ఎట్లనో మాకు యేసు అట్ల. అయినా పుస్తకం మీద కూచోవడం తప్పే, అందులో వాదం లేదు.

ఇక శిలువ. ఖుర్ఆను నాలుగో సూరాలో స్పష్టంగా ఉంది, వాళ్ళు ఈసాను చంపలేదు, శిలువ వేయలేదు, వాళ్ళకట్లా అనిపించిందంతే, దేవుడు ఆయన్ని తన దగ్గరికి ఎత్తుకున్నాడు అని. మనవాళ్ళు దీన్ని యేసును తక్కువ చేయడం అనుకుంటారు. నేనూ అట్లే అనుకునేదాన్ని. ఆమె చెప్తే గానీ తెలియలేదు, వాళ్ళ లెక్కలో అది గౌరవం. "అంత మంచి మనిషిని, మచ్చ లేని మర్యం కొడుకును, ఆ దుర్మార్గుల చేతుల్లో అట్ల వదిలేస్తాడా దేవుడు? నా మనసు ఒప్పదు" అనింది. శుభ శుక్రవారంనాడు పన్నెండు నుంచి మూడు దాకా యేసు శిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు వింటూ కూచుంటామే, నాలుగో మాట "ఏలీ, ఏలీ, లామా సబక్తానీ", అంటే నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచావు అన్న మాట కాడికి వచ్చేసరికి నాకూ అదే ప్రశ్న. మాకు ఆ ప్రశ్న శిలువ మీదే ఉంది. వాళ్ళు దాన్ని శిలువ దాకా రానివ్వరు.

"సరే, చనిపోయినాడే అనుకుందాం. క్షమించాలంటే దేవుడు క్షమిస్తాడు, అంతే కదా. ఆదంనూ అట్లే క్షమించినాడు. ఎవరి మోపు వాళ్ళదే, ఒకరిది ఇంకొకరు మోయరు అని మా కితాబులో ఉంది. క్షమించడానికి ఒక ప్రాణం ఎందుకు?" అనింది.

నేను చాలాసేపు మాట్లాడలేదు. బైబిల్లో ఒక్కడి విధేయతతో అనేకులు నీతిమంతులవుతారని చెప్పే రోమా పత్రిక ఐదో అధ్యాయం నోటిదాకా వచ్చింది గానీ అది ఆమెకు జవాబు కాదు. అప్పుడు వాళ్ళ అబ్బా, అంటే వాళ్ళ నాన్న, గుర్తొచ్చినాడు.

మీలో చాలామందికి ఆయన సైకిల్ షాపు గుర్తుండాలి, అరగంటకు పావలా బాడుగ. తొమ్మిదో తరగతిలో నేను చిన్న సైకిల్ తీసుకోని పోయి కల్వర్టుకు గుద్దాను. ముందు చక్రం ఎనిమిది అంకె మాదిరి వంకరపోయింది. భుజాన వేసుకోని ఏడ్చుకుంటా వచ్చాను. మామ తిట్టలేదు. "దెబ్బ తగల్లే కదా పాపా?" అని చూసి, చక్రం ఊడదీసి, ఫోర్కులో మళ్ళీ బిగించి తిప్పుతా, స్పోకు తాళంతో ఒక్కొక్క నిపిలూ బిగించుకుంటా సాయంత్రం దాకా కూచున్నాడు. తెగిన స్పోకులు నాలుగో ఐదో. బెండు పోలేదు. చివరికి డ్రాయరులోంచి డబ్బులు తీసి కొత్త రిమ్ము తెప్పించినాడు. ఆ వారం షాపులో ఒక సైకిల్ తక్కువ. మా నాన్న డబ్బులిస్తానని పోతే, "పిల్లదాన్ని అప్పుడే వదిలేసినాం కదయ్యా" అన్నాడు.

"మే, ఆ రిమ్ము డబ్బులు ఎవరు పెట్టుకున్నారు?" అన్నాను.

"మా అబ్బా."

"వదిలేసినా అన్నాక కూడా ఎవరో ఒకరు పెట్టుకోవాల్సే వచ్చింది కదా. నేను పెట్టలేదు కాబట్టి మామ పెట్టినాడు. శిలువ మాకు అదే."

ఫోన్లో అటు పక్క ఫ్యాను శబ్దం వినిపించింది. తర్వాత అనింది: "నిజమే. కానీ నీ తప్పుకు మా అబ్బా మా తమ్మున్ని పిలిచి కొట్టలేదు కదా."

ఇంత పదునైన మాట నాకు హైదరాబాదు తరగతుల్లో కూడా ఎవరూ చెప్పలేదు. నిజానికి మన సంఘాల్లో ఎంతోమంది బోధకులు శిలువను అట్లే చెప్తారు, కోపంతో ఉన్న తండ్రి, దెబ్బలు తిన్న కొడుకు అని. అట్లా చెప్తే ఆమె అడిగినదానికి మన దగ్గర జవాబు ఉండదు.

"తమ్మున్ని కాదే. డ్రాయరు మామదే, డబ్బులూ మామవే. శిలువ మీద ఉన్నది దేవుడు పట్టుకొచ్చిన ఇంకొకడు అయితే నువ్వనేదే కరెక్టు, అది అన్యాయం. ఆయనే అయితేనే అది క్షమాపణ. అందుకే ఆ దీపం, వెలుగు గోల అంతా."

"ఇప్పుడు అర్థమైంది మీరు ఎందుకంత పట్టు పడతారో," అనింది. "అర్థమైంది అంటే ఒప్పుకున్నానని కాదు. దేవుడు చావడం మా నోటితో అనలేం. ఆయన మిక్కిలి పెద్ద. అక్కడ మీకూ మాకూ పొసగదు."

పొసగదు. నాకూ తెలుసు. యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ చెప్పాను, తిరిగొచ్చిన కొడుకు కోసం ముసలి తండ్రి పరువు చూసుకోకుండా పరిగెత్తడం. వాళ్ళ ప్రవక్త మాటలైన హదీసుల్లోనూ ఉందంట, నా వైపు నడిచి వచ్చేవాడి దగ్గరికి నేను పరిగెత్తి వస్తాను అని దేవుడు అన్నట్టు. మా ఇద్దరికీ ఆ పరుగు నచ్చింది. ఆయన్ని "తండ్రీ" అని పిలవడం మాత్రం ఆమె వల్ల కాదు; అల్లాకు వాళ్ళు చెప్పే తొంభై తొమ్మిది పేర్లలో ఆ పేరు లేదు. నాకు ఆ ఒక్క పేరు తీసేస్తే ప్రార్థన మొదలుపెట్టడమే రాదు.

ఈదుకు సేమ్యా, దాంతోపాటు ఒక కవరు పంపింది. కవర్లో మడతలు పడి చిరగబోతున్న పరీక్ష పేపరు. ఎర్రసిరా గులాబీ రంగుకు దిగింది. వెనక కొత్త పెన్నుతో రాసుంది: "పూర్వ విద్యార్థుల మీటింగుకు వస్తా. రీవాల్యుయేషన్ ఫీజు ఎంతో కనుక్కో."