గౌరీపట్నం క్వారీలో ఒక ప్రశ్నార్థకం

రాజమండ్రిలో పెందలాడే ఇడ్లీ తిని రోడ్డు కం రైలు వంతెన ఎక్కేసరికి గోదారి మీద మంచు ఇంకా విడలేదు. కొవ్వూరు దాటి దేవరపల్లి వైపు మళ్లితే దారి పొడుగునా పొగాకు తోటలు, బ్యారన్లు. గౌరీపట్నం అనగానే ఆటో అతను "మేరీమాత కొండకాండి?" అన్నాడు. నిర్మలగిరికి వచ్చేవాళ్లే ఎక్కువ మరి. "కాదు, నల్లరాయి క్వారీకి" అన్నాక మా సంచుల్లోంచి బయటికొచ్చిన సుత్తుల వంక అద్దంలో ఓసారి చూసి ఊరుకున్నాడు.

క్వారీ గోడ చూస్తే భూగర్భశాస్త్రం చదవనివాడికి కూడా తేడా తెలుస్తుంది. కింద నల్లటి లావా, పైన నల్లటి లావా, రెంటి నడుమ లేతరంగు సున్నపురాయీ బంకమట్టీ. ఈ లావా పడమటి కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడి సముద్రతీరానికి చేరిందని చాలామంది పరిశోధకుల మాట. ఒక ప్రవాహం చల్లారాక, మరొకటి వచ్చేలోపు ఇక్కడ సముద్రం నిలిచింది. ఆ విరామంలో పేరుకున్న బురదే నడిమి పొర. డైనోసార్లు పోయిన వెంటనే, అంటే 6.6 కోట్ల ఏళ్ల కిందటి మాట ఇది. 2008లో భూగర్భశాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం ఈ క్వారీల్లోని ఫొరామినిఫెరాను, అంటే కంటికి ఆనని సముద్రజీవుల గుల్లలను చూసే ఆ కాలం తేల్చింది.

క్రషర్ వాళ్లకి మాత్రం ఆ పొర దండగ మట్టి, కంకరకి పనికిరాదు.

ఎండకి మాగిన పైమట్టిని జానెడు లోతు చెక్కేసి, లోపలి తాజా మట్టినే సంచుల్లో నింపాం. ఆల్చిప్ప ముక్కలు చేతికి తగులుతూనే ఉన్నాయి. కాపలా పెద్దాయన చాలాసేపు చూసి అడిగాడు.

"బంగారం ఏవన్నా పడిందేటండి?"

"గవ్వల్లాంటివి బాబాయ్. కంటికి ఆనవు."

"ఆనకపోతే ఎలా ఏరతారండి?"

న్యాయమైన ప్రశ్నే. జవాబు విశాఖలో, ల్యాబులో ఉంది. మట్టిని చిదిపి, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీళ్లలో ఓ రాత్రి నానబెట్టి, కుళాయి కింద జల్లెడలో కడగాలి. మామూలుగా 63 మైక్రాన్ల జల్లెడ చాలు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). కానీ ఈ కాలపువి మరీ మరుగుజ్జులు, అందుకని 38 కూడా పెట్టాం. మిగిలిన నూకని ఆరబెట్టి నల్ల పళ్లెంలో చల్లి, మైక్రోస్కోపు కింద తడిపిన సన్నటి కుంచె కొసతో ఒక్కొక్కటే ఏరాలి.

పెంకు ఇసుక రేణువులు అతికించుకున్నదా, పింగాణీలా నున్ననిదా, గాజులా పారదర్శకమా అన్నది మొదట చూస్తాం. తరవాత గదుల అమరిక. గ్వెంబెలిట్రియా అనే రకానికి చుట్టుకి మూడు గదులు, బుల్లి ద్రాక్షగుత్తిలా ఉంటుంది. ఆ మహావినాశనం దాటి బతికిన మొండి జీవి అది. ఆఖరున నోరు. 1826లో ఫొరామినిఫెరా వర్గానికి ఆ పేరు పెట్టిన దోర్బిన్యీ గదుల సోకు చూసి వీటిని నాటిలస్, ఆక్టోపస్‌ల దాయాదులనుకున్నాడు. ఇవి ఏకకణ జీవులని 1835లో దుజార్దాన్ తేల్చాడు.

రెండోరోజు మధ్యాహ్నం నాకు గ్లోబోట్రంకానా అనే రకం దొరికింది. అంచున రెండు కట్లతో నిగనిగలాడుతోంది. క్రెటేషియస్ కాలంతోనే, అంటే డైనోసార్లతోపాటే పోయినది ఈ పొరలోకి ఎలా వచ్చిందని కుర్చీలోంచి లేచి అరిచాను. సీనియర్ వచ్చి ఒక్క చూపు చూశారు.

"నీలంగా లేదూ?"

నీలంగానే ఉంది. ప్రతి కడుగుడు తరవాతా జల్లెడని మిథిలీన్ బ్లూలో ముంచేది అందుకే. సందుల్లో ఇరుక్కున్న పాతవి రంగు పట్టి, తరవాత ఊడిపడితే దొరికిపోతాయి. నా సంచలనం ఎవరో తమిళనాడులోని అరియలూరు నుంచి తెచ్చిన క్రెటేషియస్ మట్టిది.

సాయంత్రానికి అసలైనది ఒకటి కనబడింది. మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు, చివరి చుట్టులో ఆరు గదులు. పార్వులరుగోగ్లోబిజెరినా యుగుబినా అనిపించింది. ఇటలీలోని గుబ్బియో ఊరి పాత పేరు మీద 1964లో పెట్టిన పేరది. నోరు గుండ్రంగా ఉంటే యుగుబినా, నిలువు చీలికలా ఉంటే లాంజియాపెర్చురా అని కొందరు విడదీస్తారు, రెండూ ఒకటేనని మరికొందరు వాదిస్తారు. నా దాని నోట్లో సున్నం గడ్డకట్టింది. తడి కుంచెతో ఎన్నిసార్లు దొర్లించినా అంతే.

పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టమన్నారు సీనియర్. స్లైడు ఏడో గడిలో జిగురు చుక్క మీద కూర్చోబెట్టి, పెట్టాను.