వీరు ఓడలో ఉంటేనేగాని

అపొస్తలుల కార్యముల గ్రంథం 27వ అధ్యాయంలో, ఖైదీగా రోముకు వెళ్తున్న పౌలు ఒకే ఓడలో, ఒకే తుపానులో, అవే మనుషులతో రెండు మాటలు అంటాడు. మొదటిది 22వ వచనంలో ఉంది: "ఓడకేగాని మీలో ఎవని ప్రాణమునకును హాని కలుగదు." రెండోది 31వ వచనంలో ఉంది: "వీరు ఓడలో ఉంటేనేగాని మీరు తప్పించుకొనలేరు." మొదటి మాటలో షరతు లేదు, రెండో మాట అంతా షరతే. అందరూ బతుకుతారని దేవదూత చెప్పాక, ఫలానావారు పడవెక్కి వెళ్లిపోతే మీరు చస్తారని హెచ్చరించడం ఏమిటి? దేవుడు ముందుగా నిర్ణయిస్తే మనిషి చేసేదేమిటి, మనిషే ఎంచుకుంటే దేవుడు నిర్ణయించినదేమిటి అన్న పాత ప్రశ్నకు ఎన్నో పెద్ద పుస్తకాలు పుట్టాయి గాని, నాకు మాత్రం అది ఈ రెండు వచనాల మధ్యనున్న సందులోనే ఎక్కువ సూటిగా ఎదురవుతుంది.

ప్రయాణం మొదటినుంచీ మనుషుల నిర్ణయాలతోనే నడిచింది. అలెక్సంద్రియ ఓడ క్రేతు ద్వీపంలోని మంచిరేవులు అనే చోట ఆగినప్పటికి యూదుల ఉపవాసదినం దాటిపోయింది, అంటే సముద్రయానానికి మంచి కాలం ముగిసింది. ముందుకు వెళ్తే నష్టమని పౌలు చెప్పాడు. ఖైదీలకు కాపలాగా వచ్చిన రోమా సేనాధికారి, శతాధిపతి యూలి, ఖైదీ మాటకన్నా నావికుడి మాట, ఓడ యజమాని మాట నమ్మాడు. ఇందులో వింత ఏమీ లేదు, ఆ స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు. తరువాత ఊరకులోను అనే పెనుగాలి ఓడను పట్టుకుంది. మూడోనాడు ఓడ సామగ్రిని తమ చేతులతోనే సముద్రంలో పారవేశారు. చాలా దినాలు సూర్యుడు గాని నక్షత్రాలు గాని కనబడలేదు. ఇక బతుకుతామన్న ఆశ పోయాక పౌలు లేచి నిలబడి, ముందుగా తన మాట వినవలసిందని గుర్తుచేసి, ఆ తరువాతే దూత తెచ్చిన వర్తమానం చెప్పాడు. ఈ వరుస గమనించదగ్గది. జరిగినదంతా దేవుని సంకల్పమే కదా అని పౌలు వారి తప్పును మాఫీ చేయలేదు. ఓడ పోవడం వారు చేజేతులా తెచ్చుకున్నది, ప్రాణాలు దక్కడం దేవుడు అనుగ్రహించినది, ఈ రెండూ ఒకే ప్రసంగంలో ఉన్నాయి.

పద్నాలుగో రాత్రి అద్రియ సముద్రంలో కొట్టుకుపోతుండగా, అర్ధరాత్రివేళ నేల దగ్గరపడుతోందని ఓడవారు పసిగట్టారు. లోతు కొలిచే బుడుదు వేసి చూస్తే ఇరవై బారల లోతు తేలింది. కొంత దూరం పోయాక మళ్లీ వేస్తే పదిహేను బారలు. గ్రీకు మూలంలోని కొలత కూడా చేతులు రెండూ చాచినంత పొడవే, కాబట్టి మన అనువాదకులు 'బార' అన్న మాటను ఎంచుకోవడం ఎంతో ముచ్చటైన సంగతి. లోతు ఇంత వేగంగా తగ్గుతుంటే రాళ్లకు కొట్టుకుంటామని భయపడి, ఓడ వెనుకభాగమైన అమరంలోనుంచి నాలుగు లంగర్లు దింపి ఎప్పుడు తెల్లవారుతుందా అని కాచుకున్నారు. అప్పుడే ఓడవారు ముందుభాగమైన అనివిలోనుంచి కూడా లంగర్లు వేస్తున్నట్టు నటిస్తూ చిన్న పడవను నీళ్లలోకి దింపారు. నడిపేవాళ్లు పారిపోతే, ఓడ సంగతి ఏమీ తెలియని సైనికులూ ఖైదీలూ చీకట్లో మిగులుతారు.

పౌలు ఇక్కడ ఏం చేశాడో చూడండి. పారిపోబోయే ఓడవారితో ఆయన మాట్లాడలేదు, శతాధిపతితోనూ సైనికులతోనూ మాట్లాడాడు, ఎందుకంటే కత్తులు ఉన్నది వారి చేతుల్లో. దూత మాటను నమ్మిన మనిషి కాబట్టి ఒక మూల కూర్చుని "ఎలాగూ అందరం బతుకుతాం" అనుకోలేదు. హెచ్చరించేటప్పుడు తన మునుపటి వాగ్దానాన్ని సవరించుకోనూ లేదు. ఈ రెండు మాటలను అతకడానికి ఈ గ్రంథం రాసిన లూకా ఒక్క వివరణ వాక్యమైనా రాయలేదు. వెంటనే సైనికులు పడవ తాళ్లు కోసి దాన్ని కొట్టుకుపోనిచ్చారని మాత్రం రాశాడు. పౌలు పడవను వదిలేయమని చెప్పలేదు, ఓడవారు ఉండాలని మాత్రమే చెప్పాడు. పడవ ఉండి ఉంటే మరునాడు ఒడ్డు చేరడం తేలికయ్యేదేమో అని నాకు అనిపిస్తుంటుంది. తాళ్లు కోయడం ఆ సైనికుల తొందర. ఆ తొందర కూడా దేవుడిచ్చిన మాటను ఆపలేకపోయింది.

ఈ వచనాన్ని ఇరుపక్షాలవారూ తమ సాక్షిగా పిలుస్తారు. దేవుని నిర్ణయానికే పెద్దపీట వేసిన సంస్కర్త కాల్విన్ బాటలో నడిచేవారు, దేవుడు గమ్యాన్ని నిర్ణయించినప్పుడు దానికి చేర్చే దారిని కూడా నిర్ణయించాడని, ఓడవారు ఉండిపోవడం, పౌలు హెచ్చరించడం, కత్తి తాడు మీద పడడం అన్నీ ఆ నిర్ణయంలోని భాగాలేనని చెబుతారు. మనిషి ఎంపికకు చోటిచ్చిన డచ్చి పండితుడు అర్మీనియస్ బాటవారు, వాగ్దానంలో పైకి చెప్పని షరతు ఒకటి ఉందని, అది నిజమైన షరతు కాకపోతే పౌలు హెచ్చరిక నాటకం అవుతుందని అంటారు. నా మట్టుకు నేను మొదటి వివరణ వైపే మొగ్గుతాను గాని, రెండోవారి ఆక్షేపణను తేలిగ్గా తీసిపారేయలేను. హెచ్చరిక నిజమైనది కాకపోతే సైనికులు కదిలేవారు కారు. వారు కదలకపోతే వాగ్దానం ఏ దారిన నెరవేరేదో లేఖనం చెప్పదు, మనం ఊహించి చెప్పడానికీ చోటివ్వదు.

ఈ వాదం పాతది. ప్రాచీన సంఘపు బిషప్పు అగస్టీను తన 'ఒప్పుకోళ్లు' అనే పుస్తకంలో, నీవు ఆజ్ఞాపించేదాన్ని నీవే అనుగ్రహించు, ఆపైన నీకిష్టమైనది ఆజ్ఞాపించు అని ప్రార్థించాడు. రోములో ఎవరో ఈ మాట చదివి వినిపిస్తే, మనిషి తన ప్రయత్నంతోనే మంచిగా నడవగలడని బోధించే పెలగియస్ సహించలేకపోయాడు. ఇలాంటి ప్రార్థన మనిషిని సోమరిని చేస్తుందని ఆయన భయం. 418లో కార్తేజి సభ పెలగియస్ బోధను తోసిపుచ్చింది. 529లో ఆరెంజి సభ కృపే ముందు వస్తుందని ఒప్పుకుంటూనే, దేవుడు కొందరిని చెడుకు నిర్ణయించాడనేవారిని శపించింది. 1610లో అర్మీనియస్ శిష్యులు అయిదు అంశాలు రాస్తే, 1618-19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్ సభ వాటిని తిరస్కరించింది. రోమన్ కాథలిక్కులలో డొమినికన్లు, జెసూట్లు అనే రెండు సన్యాసి సంఘాలకు ఇదే విషయమై ఏళ్ల తరబడి విచారణ నడిచింది. 1607లో పోపు అయిదవ పౌలు తీర్పు చెప్పకుండానే దాన్ని ముగించి, ఒకరినొకరు దుర్బోధకులని నిందించుకోవద్దని ఆజ్ఞాపించాడు. తీర్పు చెప్పకపోవడం బలహీనత అని కొందరంటారు. నాకది వివేకంగానే తోస్తుంది.

మన తెలుగు సంఘాల్లో కూడా ఈ రెండు ధారలూ పక్కపక్కనే పారుతున్నాయి. మెదక్ ప్రాంతంలో పరిచర్య చేసినవారు, అర్మీనియస్ వైపు మొగ్గిన వెస్లీ వారసులు. కడప, గుత్తి ప్రాంతాల్లో పనిచేసిన లండన్ మిషనరీ సొసైటీ వెనుకనున్న కాంగ్రిగేషనల్ సంఘాలకు కాల్విన్ బోధతో చుట్టరికం ఉంది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ రెండు వంశాలవారూ ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచారు. ఆ సంఘాల్లో పుట్టి పెరిగినవారిలో చాలామందికి తమ తాతలు ఏ పక్షమో కూడా తెలియదు.

అయితే మన దగ్గర అసలు చిక్కు ఈ రెండు పక్షాల మధ్య లేదు. దేవుని సంకల్పానికీ తలరాతకూ మధ్య ఉంది. వాక్యం ఎంత విన్నా మన నోట "రాసిపెట్టి ఉంటే జరుగుతుంది" అన్న మాటే ముందు వస్తుంది. మా మేనమామ ఒకసారి షుగరు మాత్రలు మానేసి, ఆయుష్షు దేవుని చేతిలో ఉందని కూర్చున్నాడు. ఆదివారం బడిలో పాఠాలు చెప్పిన మా అమ్మ ఆయన ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టి, "ఆయుష్షు దేవుని చేతిలోనే ఉందన్నయ్యా, మాత్ర మాత్రం నీ చేతిలో ఉంది కదా" అంది. ఆయన గొణుక్కుంటూ ఆ పూటకు వేసుకున్నాడు. తర్వాతి వారం మళ్లీ అదే పాట.

రోమా పత్రిక 8వ అధ్యాయంలో "ముందుగా నిర్ణయించెను" అన్నచోట పౌలు వాడిన గ్రీకు మాటకు ముందుగా హద్దు గీయడం అని మూలార్థం. దేనికి హద్దు గీశాడంటే, తన కుమారునితో సారూప్యం గలవారవడానికని అదే వచనం చెబుతుంది. తలరాత ఎవరితోనూ మాట్లాడదు, ఎవరినీ ఏదీ అడగదు. ఇక్కడ నిర్ణయించినవాడు తండ్రి. ఆయన తన నిర్ణయాన్ని దాచుకోకుండా ఒక ఖైదీకి చెప్పి, ఆ ఖైదీ నోట సైనికులకు వినిపించి, వారి చేతికి పని పెట్టాడు.

ఇంత చెప్పుకున్నా ముల్లు ముల్లుగానే మిగిలే చోట్లు ఉన్నాయి. ఇదే లూకా, ఇదే గ్రంథం రెండో అధ్యాయంలో, పెంతెకొస్తునాడు పేతురు పలికిన ఒకే వాక్యంలో, యేసు "దేవుడు నిశ్చయించిన సంకల్పమును" అనుసరించి అప్పగింపబడ్డాడనీ, "మీరు" ఆయనను చంపించారనీ రెండూ రాశాడు. అక్కడ దుష్టకార్యం కూడా సంకల్పం లోపలే ఉంది, అయినా చేసినవారి మీద నేరం అలాగే ఉంది. విన్నవారు హృదయంలో నొచ్చుకొని "మేమేమి చేతుము" అని అడిగారు. సంకల్పమే కదా, మా తప్పేముంది అని ఎదురు వాదించినట్టు లూకా రాయలేదు. రోమా 9వ అధ్యాయంలో ఆ ఎదురువాదం వినబడుతుంది, దానికి పౌలు ఇచ్చే జవాబు కుమ్మరినీ మంటినీ చూపడమే: మంటితో ఏ పాత్ర చేయాలో కుమ్మరి ఇష్టం కదా అని. ఆ జవాబు దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను, ఇప్పటికీ ఆగుతాను.

ఓడ మాత్రం ఆగలేదు. తెల్లవారబోతుండగా పౌలు, తింటేనే ప్రాణాలు నిలుస్తాయని అందరినీ బతిమాలాడు. ఒక్కరి తల వెంట్రుకైనా పోదని అదే ఊపులో అని, రొట్టె పట్టుకొని కృతజ్ఞతలు చెల్లించాడు. ఉన్నవారు 276 మంది. తిన్నాక గోధుమలు సముద్రంలో పారబోశారు. ఓడ ఇసుకలో కూరుకొని వెనుకభాగం బద్దలవుతుంటే, ఖైదీలు పారిపోకుండా చంపేద్దామని సైనికులు అనుకున్నారు. పౌలును రక్షించాలనుకున్న యూలి దాన్ని అడ్డుకున్నాడు. మంచిరేవుల దగ్గర పౌలు మాట నమ్మని యూలియే ఇతడు. ఈత వచ్చినవారు దూకారు, రానివారు పలకలూ ఓడ చెక్కలూ పట్టుకున్నారు, అందరూ ఒడ్డు చేరారు.

వారు చేరిన మెలితే (నేటి మాల్టా) ద్వీపంలో వాన, చలి. ద్వీపవాసులు మంట వేసి ఆదరించారు. కైసరు ఎదుట నిలవవలసి ఉందని దేవుని మాట పొందిన మనిషి వంగి మోపెడు పుల్లలు ఏరి మంటలో వేస్తుండగా, కాకకు ఒక సర్పం బయటికి వచ్చి చేతిని పట్టుకుంది. ద్వీపవాసులు అది చూసి, ఇతడు హంతకుడు, సముద్రం వదిలినా న్యాయం వదలదని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. చాలాసేపు కనిపెట్టి చూశారు. అతను వాచిపోలేదు, పడిపోలేదు. అప్పుడు మాట మార్చి, ఇతడు దేవుడన్నారు. పౌలు మాత్రం అప్పటికే ఆ సర్పాన్ని మంటలోకి విదిలించేశాడు.