మిషన్ మీద సున్నా, రోడ్డు మీద వణుకు: సస్పెన్షన్ పని తర్వాత లోపం ఎలా పట్టుకున్నాను

కారు ముందు చక్రాలతో నడిచే మామూలు హ్యాచ్‌బ్యాక్. 70 వేల కిలోమీటర్లు తిరిగింది. టైర్లు 185/65 ఆర్15, రిమ్‌లు విడిగా కొన్న అలాయ్‌లు. ముందు స్ట్రట్‌లు (స్ప్రింగు, షాకబ్జర్ కలిసిన భాగాలు), చక్రాన్ని కింది నుంచి బాడీకి కలిపే లోయర్ ఆర్మ్‌లు, లింక్ రాడ్‌లు, వెనక షాకబ్జర్లు ఒకేసారి మార్పించాను. స్పీడ్ బ్రేకర్లకు కింద తగులుతోందని ముందు స్ట్రట్‌ల పైన 20 మిల్లీమీటర్ల స్పేసర్లు (బాడీని ఎత్తే దిమ్మలు) కూడా వేయించాను. గుంతల్లో వచ్చే టకటక శబ్దం పోయింది. దాని బదులు వేగం గంటకు 85 కిలోమీటర్లు దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. 105 దాటాక తగ్గేది. అది కాక, 50 నుంచి 70 మధ్య యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ముందు భాగమంతా అడ్డంగా జలదరించేది.

ఈ రెంటినీ ఒకే జబ్బు అనుకుంటే ఎప్పటికీ దొరకదు. నా కారులో అవి రెండు వేర్వేరు లోపాలు. ఇంకో రెండు కూడా ఉన్నాయి, అవి తర్వాత బయటపడ్డాయి.

రోడ్డెక్కే ముందు చేయాల్సిన పని ఒకటుంది. సస్పెన్షన్ విప్పి బిగించిన బండిలో వణుకు వస్తే ముందుగా అనుమానించాల్సింది వదులుగా ఉన్న బోల్టుని. ముందు వైపు జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపాను, తర్వాత కుడి ఎడమలు పట్టుకుని ఊపాను. పైకీ కిందకీ ఆడితే బేరింగో బాల్ జాయింటో, పక్కలకి ఆడితే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ లేదా ర్యాక్. స్ట్రట్‌ని నకిల్‌కి (చక్రాన్ని మోసే భాగానికి) పట్టే రెండు పెద్ద బోల్టులు, బాల్ జాయింట్‌ను పట్టి ఉంచే బోల్టు, లోయర్ ఆర్మ్ బోల్టులు అన్నింటికీ పానా వేసి చూశాను. ఏదీ వదులుగా లేదు. వీటిలో ఒక్కటి కదిలినా టెస్ట్ డ్రైవ్ మాట ఎత్తకూడదు.

తర్వాత టైర్లు చల్లగా ఉండగా డోర్ పక్కన స్టిక్కర్‌లో రాసినంత గాలి పెట్టించి, 15 కిలోమీటర్లు నడిపి టైర్లు వేడెక్కించాను. షెడ్డులో కొన్ని రోజులు కదలకుండా నిలబడిన బండికి టైరు అడుగున చిన్న చదును ఏర్పడుతుంది. ఆ వణుకు వేడెక్కాక పోతుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. టెస్ట్‌కి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటిది ఉంటే మంచిది. సిగ్నళ్లు, స్పీడ్ బ్రేకర్లు లేకుండా ఒకే వేగంతో పోవచ్చు.

పక్కన కూర్చున్నవాళ్లు రాసుకుంటుంటే 40 నుంచి ఐదేసి కిలోమీటర్లు పెంచుతూ పోయాను. ప్రతి వేగంలోనూ అడగాల్సినవి ఇవే: వణుకు స్టీరింగ్‌లోనా, సీటులోనా? స్టీరింగ్‌లో అయితే ఎక్కువగా ముందు చక్రాలు, సీటు కింద అయితే వెనకవి. బ్రేక్ నొక్కినప్పుడే వస్తే డిస్క్. 10, 20 వేగంలోనే స్టీరింగ్ కుడి ఎడమలకు నెమ్మదిగా తలూపితే వంగిన రిమ్ము, లేదా లోపల పొర విడిపోయిన టైరు. బ్యాలెన్స్ లోపం (చక్రం చుట్టూ బరువు సమానంగా లేకపోవడం) అంత తక్కువ వేగంలో తెలియదు. వంపు తిరిగేటప్పుడు ఒక వైపే గుయ్యిమనే శబ్దం పెరిగితే బేరింగ్.

అసలు తీర్పు చెప్పేది న్యూట్రల్ పరీక్ష. వెనకా ముందూ బళ్లు లేనప్పుడు, వణుకు వచ్చే వేగంలోనే గేరు న్యూట్రల్ చేసి బండిని దొర్లనివ్వాలి. ఇంజిన్ మాత్రం ఆపకూడదు, ఆపితే పవర్ స్టీరింగ్, బ్రేక్ బూస్టర్ పనిచేయవు. 95 దగ్గర న్యూట్రల్ చేస్తే నా స్టీరింగ్ వణుకు ఏమాత్రం తగ్గలేదు. అంటే అది చక్రాలది. 60 దగ్గర జలదరింపు మాత్రం కాలు తీయగానే మాయమైంది. అంటే అది బరువు లాగేటప్పుడు పుట్టేది, యాక్సిల్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే ఇరుసు) వైపుది.

చక్రం సంగతి ముందు చూశాను. బ్యాలెన్సింగ్ చేయించాను, నాలుగు చక్రాలకూ మిషన్ సున్నా చూపించింది. రోడ్డు మీద తేడా లేదు. మామూలు మోడ్‌లో ఈ మిషన్లు ఐదు గ్రాముల మెట్లలో చూపిస్తాయి, అంతకంటే తక్కువ ఉన్నా సున్నాయే. ఫైన్ మోడ్‌లో గ్రాము వరకు చూపించమన్నాను. దానికంటే ముఖ్యమైన పరీక్ష ఇంకోటి: బిగింపు విప్పి, చక్రాన్ని షాఫ్ట్ మీద సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి చూడమనాలి. సున్నా చూపించిన చక్రం ఇప్పుడు 15, 20 గ్రాములు చూపిస్తే కోన్ (చక్రం మధ్య రంధ్రంలో దూరి దాన్ని షాఫ్ట్ మీద మధ్యలో నిలిపేది) సరిగ్గా కూర్చోలేదన్నమాట. అప్పుడు ఆ సున్నాకి విలువ లేదు. నాది రెండుసార్లూ నిలబడింది.

అప్పుడు ముందు జతని వెనక్కి, వెనక జతని ముందుకి మార్చాను. వణుకు స్టీరింగ్‌లోంచి సీటు కిందకి వెళ్లింది. అంటే హబ్బు (కారు వైపు చక్రాన్ని బిగించే భాగం), యాక్సిల్, కొత్త ఆర్మ్‌లు కారణం కాదు, చక్రంతో పాటే లోపం తిరుగుతోంది. కానీ ఆ చక్రం మిషన్ మీద సున్నా! ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావాలంటే దారి ఒకటే: మిషన్ మీద చక్రం తిరిగే కేంద్రం వేరు, కారు మీద తిరిగే కేంద్రం వేరు.

చక్రాలు విప్పి వెనక వైపు చూస్తే తెలిసిపోయింది. బయట అమ్మే అలాయ్‌ల మధ్య రంధ్రం చాలా బళ్లకి సరిపోయేలా పెద్దగా ఉంటుంది, నావాటిలో 73.1 మిల్లీమీటర్లు. కారు హబ్ 54.1. మధ్య ఖాళీ నింపడానికి ప్లాస్టిక్ హబ్ రింగు ఉంటుంది. మూడు చక్రాలకు ఉంది, ముందు ఎడమ వైపు నుంచి తీసిన దానికి లేదు. సస్పెన్షన్ పని చేసేటప్పుడు ఊడి ఎక్కడో పడిపోయింది. రింగు లేకపోతే చక్రాన్ని మధ్యలో నిలిపేవి వీల్ నట్ల ఏటవాలు అంచులే. శ్రద్ధగా బిగిస్తే అవీ నిలుపుతాయి. ఎయిర్ గన్‌తో ఒక నట్టును ఒకేసారి చివరిదాకా బిగిస్తే చక్రం ఒక పక్కకి జరిగి అక్కడే ఉండిపోతుంది.

ఆ జరుగుడు ఎంత దెబ్బ తీస్తుందో లెక్క వేస్తే నమ్మబుద్ధి కాదు. టైరుతో కలిపి చక్రం 15 కిలోలు అనుకుందాం. అర మిల్లీమీటరు పక్కకి కూర్చుంటే, అది రిమ్ అంచున సుమారు 40 గ్రాముల సీసం అంటించినట్టే. రిమ్ అంచున 20 గ్రాముల తేడా ఉంటేనే 100 వేగంలో దాదాపు 3 కిలోల బరువంత బలం చక్రాన్ని లాగుతుంది, 40కి 6 కిలోలు. అదీ సెకనుకు 14 సార్లు. 85–105 మధ్యే ఎందుకంటే, ఈ టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు కాబట్టి ఆ వేగాల్లో చక్రం సెకనుకు 12 నుంచి 15 సార్లు తిరుగుతుంది. చక్రం, హబ్బు, ఆర్మ్ కలిసి సహజంగా ఊగే లయ కూడా చాలా కార్లలో సెకనుకు 10 నుంచి 15 మధ్యే ఉంటుంది. రెండూ కలిసిన చోట స్టీరింగ్ ఊగిపోతుంది, దాటాక నెమ్మదిస్తుంది.

నాలుగు కొత్త రింగులు తెచ్చాను. వేసే ముందు హబ్ ముఖం మీద తుప్పును వైర్ బ్రష్‌తో, ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్దాను. దీన్ని దయచేసి ఎవరూ వదిలేయొద్దు. 140 మిల్లీమీటర్ల వెడల్పున్న హబ్ ముఖంలో ఒక అంచున 0.1 మిల్లీమీటరు తుప్పు పెచ్చు మిగిలితే, టైరు దగ్గరకి వచ్చేసరికి అది 0.4 దాటిన వంకర అవుతుంది. ఆ తర్వాత చక్రం గాల్లో ఉండగానే నట్లన్నీ చేత్తో, ఆపైన ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, బండి దింపాక మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) టార్క్ రెంచ్‌తో ముగించాను. స్టీరింగ్ వణుకు అక్కడితో పోయింది.

60 దగ్గరి జలదరింపుకు కారణం స్పేసర్లు. బాడీ పైకి లేస్తే గేర్‌బాక్స్ కూడా లేస్తుంది, చక్రం నేల మీదే ఉంటుంది. యాక్సిల్ వాలు పెరుగుతుంది. యాక్సిల్‌ను గేర్‌బాక్స్‌కి కలిపే లోపలి సీవీ జాయింట్‌లో మూడు రోలర్లు మూడు గాడుల్లో ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి. వాలు పెరిగిన కొద్దీ వాటి రాపిడి పెరిగి, చక్రం ఒక చుట్టు తిరిగేలోపు మూడుసార్లు యాక్సిల్‌ను పక్కకి తోస్తాయి. 70 వేల కిలోమీటర్లలో గాడులు ఒక చోటే అరిగి ఉంటాయి, కొత్త వాలులో రోలర్లు ఆ అరుగుదల అంచు ఎక్కాల్సి వస్తుంది. లోడు పడితేనే ఇది తెలుస్తుంది. జాయింట్ మార్చమని ఒక సలహా వచ్చింది. నేను ముందు స్పేసర్లు తీయించాను, జలదరింపు పూర్తిగా పోయింది. ఖర్చు లేని పరీక్షను ముందు చేయడమే న్యాయం.

స్పేసర్లు తీయిస్తున్నప్పుడే లోయర్ ఆర్మ్ బుష్‌ల (ఆర్మ్ బాడీకి కలిసే చోట ఉండే రబ్బరు భాగాల) బోల్టులు కూడా వదులు చేయించాను. చక్రాలు గాల్లో వేలాడుతుండగా వాటిని బిగించారని అప్పుడే తెలిసింది. రబ్బరు బుష్ బిగించిన స్థితినే తన విశ్రాంతి స్థితి అనుకుంటుంది. వేలాడుతూ బిగిస్తే, బండి దించాక ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. ఆ మెలికకు గట్టిపడి ప్రతి చిన్న వణుకునీ బాడీలోకి పంపుతుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. నాలుగు చక్రాల మీద పూర్తి బరువు పడేలా అలైన్‌మెంట్ ర్యాంపు ఎక్కించి, ముందు భాగాన్ని రెండు మూడుసార్లు నొక్కి వదిలి, ఆ తర్వాతే బిగించమన్నాను. బోల్టులు వదులు చేయగానే బండి మరికొంచెం కిందకి కూర్చుంది. అలైన్‌మెంట్ అన్నిటికంటే చివర చేయాలనడానికి కారణం ఇదే, ఎత్తు మారితే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారిపోతుంది. ముందే చేయించిన అలైన్‌మెంట్ డబ్బులు వృథా.

ఇంకా సీటు కింద సన్నని గుర్రుమనే వణుకు మిగిలింది. వెనక టైరు మీద అరచేతిని ముందుకొకసారి, వెనక్కొకసారి రుద్దితే ఒక దిశలో నున్నగా, ఇంకో దిశలో రంపంలా తగిలింది. పాత షాకబ్జర్లు చచ్చిపోయాక టైరు ఎగిరెగిరి పడి గుంటలు గుంటలుగా అరిగిపోయింది. కొత్త షాకబ్జర్లు ఆ గుంటలు పూడ్చలేవు, బ్యాలెన్సింగ్ కూడా పూడ్చలేదు. టైరు పక్కన ఉన్న నాలుగు అంకెలు 2318, అంటే 2018లో 23వ వారంలో తయారైంది. వెనక జత రెండూ మార్చేశాను. 100 కిలోమీటర్లు తిరిగాక నాలుగు చక్రాల నట్లకూ మళ్లీ టార్క్ రెంచ్ వేశాను. ముందు ఎడమ చక్రంలో ఒక నట్టు ఇంకో పావు చుట్టు తీసుకుంది.